కంట్రోల్ లైన్ విమానానికి చిన్న గ్లో ఇంజన్: గోదావరి డెల్టాలో ఎగరేసేవారికి సమగ్ర మార్గదర్శి

బల్ల మీద బిగించినప్పుడు గొంతెత్తి పాడిన ఇంజన్, విమానానికి బిగించి వదిలితే రెండో చుట్టులోనే నీరసించి ఆగిపోతుంది. కంట్రోల్ లైన్ (చేతిలోని హ్యాండిల్‌కి కట్టిన తీగల చివర విమానాన్ని చుట్టూ తిప్పి ఎగరేయడం) మొదలుపెట్టిన చాలామందికి ఎదురయ్యే మొదటి చిక్కు ఇదే. నీడిల్ (ఇంజన్‌కి ఎంత ఇంధనం పోవాలో తేల్చే సూది మర) తిప్పుతారు, ప్లగ్ మారుస్తారు, చివరికి ఇంజన్ పనికిరాదని పక్కన పడేస్తారు. కానీ కారణం వేరే చోట ఉంటుంది. 16 మీటర్ల తీగల మీద చుట్టుకి 5 సెకన్ల చొప్పున తిరిగే విమానం గంటకి సుమారు 75 కిలోమీటర్ల వేగంలో ఉంటుంది. ఆ వేగంలో దాన్ని బయటికి లాగే బలం దాని బరువుకి రెండున్నర రెట్ల పైమాటే. ట్యాంకులోని ఇంధనం కూడా అదే బలంతో బయటివైపు గోడకి చేరుకుంటుంది. నేల మీద అడుగున ఉండే ఇంధనం గాలిలో పక్కకి నిలబడుతుందన్నమాట. ఆ పరిస్థితికి తగ్గట్టు అన్నీ ముందే అమర్చుకోవాలి. అందుకే ఈ వ్యాసంలో ఇంధనం, ప్లగ్, ప్రొపెల్లర్, ట్యాంకు ముందు వస్తాయి, నీడిల్ వాటి తర్వాతే.

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది 2.5 సీసీ ఇంజన్, అంటే అమెరికన్ లెక్కలో పాయింట్ 15 ఘనపు అంగుళాలు. నేర్చుకునేవారికి ఇది మంచి కొలత. 0.8 సీసీ కాక్స్ వంటి బుల్లి ఇంజన్లు చవక, విమానం కూడా చిన్నది. కాని ప్లగ్, ఇంధనం, నీడిల్ విషయంలో అవి చాలా సున్నితం. చిన్న తేడాకే అలుగుతాయి. అవసరమైన చోట వాటి సంగతి విడిగా చెబుతాం.

గ్లో ఇంజన్‌లో మంట ఎప్పుడు అంటుకుంటుంది

1947 ప్రాంతంలో అమెరికాలో రే ఆర్డెన్ గ్లో ప్లగ్‌ని మార్కెట్లోకి తెచ్చాక మోడల్ ఇంజన్లకి స్పార్క్ కాయిల్, కండెన్సర్ మోయాల్సిన అవసరం తప్పింది. ప్లగ్ లోపలి సన్నని తీగలో ప్లాటినం ఉంటుంది. మొదట బ్యాటరీతో దాన్ని ఎర్రగా కాలుస్తాం. ఇంజన్ అందుకున్నాక బ్యాటరీ తీసేసినా, మిథనాల్ ఆవిరి ప్లాటినాన్ని తాకినప్పుడు జరిగే రసాయన చర్య, ముందరి మంట మిగిల్చిన వేడి కలిసి తీగని ఎర్రగానే ఉంచుతాయి.

దీని పర్యవసానం ముఖ్యం. ఈ ఇంజన్‌లో ఇగ్నిషన్ టైమింగ్ మార్చే మీట ఏదీ లేదు. కంప్రెషన్, ప్లగ్ వేడి, నైట్రోమీథేన్ శాతం, ప్రొపెల్లర్ బరువు, నీడిల్ ఎంత తెరిచామన్నది, ఇవన్నీ కలిసే మంట ఎప్పుడు అంటుకోవాలో తేలుస్తాయి. ఒక్కటి మారిస్తే టైమింగ్ మారినట్టే. అందుకని ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చింది నోటుపుస్తకంలో రాసుకోండి. రెండు ఒకేసారి మారిస్తే బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు.

ఇంధనం

మిథనాల్, ఆముదం, వీలైతే కొంచెం నైట్రోమీథేన్. ఇంతే. బుష్ బేరింగ్ (బాల్ బేరింగు లేని సాదా రకం) ఉన్న 2.5 సీసీ ఇంజన్‌కి నూనె 20 నుంచి 25 శాతం ఉండాలి. నైట్రో లేకుండా లీటరు ఇంధనానికి మిథనాల్ 780 మిల్లీలీటర్లు, ఆముదం 220 మిల్లీలీటర్లు. నైట్రో 5 శాతం కావాలంటే మిథనాల్ 730, ఆముదం 220, నైట్రో 50. పోటీల్లో వాడే ఎఫ్.ఏ.ఐ. (అంతర్జాతీయ వైమానిక క్రీడల సమాఖ్య) ప్రామాణిక ఇంధనం 80 శాతం మిథనాల్, 20 శాతం ఆముదమే. కాబట్టి నైట్రో దొరకలేదని దిగులు అక్కర్లేదు. 0.8 సీసీ ఇంజన్లకి మాత్రం 10 నుంచి 25 శాతం నైట్రో ఉంటే స్టార్టింగ్ తేలిక, నీడిల్ కూడా అంత సున్నితంగా ఉండదు.

సింథటిక్ నూనె కలిసిన రెడీమేడ్ ఇంధనం కొంటే, నూనెలో కనీసం సగం ఆముదం ఉన్నదే తీసుకోండి. ఇంజన్ లీన్ అయి (ఇంధనం తక్కువై) వేడెక్కినప్పుడు చాలా సింథటిక్ నూనెలు కాలిపోయే చోట ఆముదం ఇంకా పొరగా అంటిపెట్టుకుని పిస్టన్‌ని కాపాడుతుంది. మోడల్ కారు ఇంజన్లకి అమ్మే ఇంధనంలో నూనె తక్కువ. అది ఇక్కడ వద్దు.

ఆముదం అంటే మన ఇళ్ళల్లో గింజలు వేయించి, దంచి, నీళ్ళలో కాచి తీసే వంటాముదం పనికిరాదు. అందులో తడి, జిగురు మిగిలి ఉంటాయి. కాచకుండా గానుగలో లేదా ప్రెస్‌లో తీసి, వడకట్టి, జిగురు తీసేసిన లేత రంగు నూనె కావాలి. మందుల షాపులో దొరికే శుద్ధమైన ఆముదం కూడా నడుస్తుంది, సువాసన కలిపింది తీసుకోకండి. పరీక్ష సులువు: గాజు సీసాలో నాలుగు పాళ్ళ మిథనాల్‌కి ఒక పాలు ఆముదం కలిపి ఊపి, రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున్నకి తేటగా ఉంటే మంచిది. మసకగా ఉన్నా, అడుగున పొర కట్టినా ఆ నూనెలోనో ఆ మిథనాల్‌లోనో నీళ్ళున్నాయి.

డెల్టాలో ఇంధనానికి మొదటి శత్రువు గాలిలో తేమే. మిథనాల్ గాలిలోంచి తడిని పీల్చుకుంటుంది. రాజోలు, నరసాపురం వైపు సముద్రపు గాలిలో డబ్బా మూత గంటసేపు తెరిచి ఉంచితే చాలు, నష్టం మొదలవుతుంది. తడి చేరిన ఇంధనంతో ఇంజన్ బ్యాటరీ ఉన్నంతసేపు తిరుగుతుంది, తీయగానే నీరసపడుతుంది. అందుకే పెద్ద డబ్బా ఇంట్లోనే ఉంచి, పొలానికి 250 మిల్లీలీటర్ల చిన్న సీసాలో ఆ పూటకి కావలసినంతే తీసుకెళ్ళండి. మిగిలినది తిరిగి పెద్ద డబ్బాలో పోయకండి. నైట్రో ఉన్న ఇంధనానికి ఎండ పడదు, రంగు సీసా గాని లోహపు డబ్బా గాని వాడాలి.

ఇంకో మాట, ఇది చాలా గట్టిగా పట్టించుకోవాల్సింది. మిథనాల్ విషం. కొద్దిగా కడుపులోకి పోయినా చూపు పోతుంది, ప్రాణం పోతుంది. చర్మం ద్వారా కూడా ఒంట్లోకి ఇంకుతుంది. దాని అమ్మకం, నిల్వ మీద ప్రభుత్వ నియంత్రణ ఉంది. లైసెన్సున్న వ్యాపారి దగ్గర రశీదుతో కొనండి, లేదా హాబీ డీలర్లు సీలు వేసి అమ్మే ఇంధనం కొనండి. మంచినీళ్ళ సీసాల్లో, కూల్‌డ్రింకు సీసాల్లో ఎప్పుడూ పోయకండి. సీసా మీద తెలుగులో పెద్ద అక్షరాలతో ‘విషం’ అని రాయండి, అది చూసే పెద్దవాళ్ళకి, పాలేర్లకి అర్థం కావాలి. నోటితో గొట్టం పీల్చి ఇంధనం తోడకండి. ఎండలో మిథనాల్ మంట దాదాపు కంటికి కనిపించదు. అంటుకుందని అనుమానం వస్తే నీళ్ళు కుమ్మరించండి, మిథనాల్ నీళ్ళలో కలిసిపోతుంది కాబట్టి మంట ఆరుతుంది. బకెట్ నీళ్ళు పక్కన లేకుండా ఇంజన్ తీయవద్దు.

ప్లగ్, బ్యాటరీ

2.5 సీసీ ఇంజన్‌కి మామూలుగా పొడుగు మరల ప్లగ్, 1.6 సీసీ, అంతకంటే చిన్నవాటికి పొట్టి మరల ప్లగ్. చిన్న ఇంజన్లో పొడుగుది బిగిస్తే కొస పిస్టన్‌కి తగలొచ్చు. కాక్స్ ఇంజన్లలో హెడ్, ప్లగ్ ఒకే ముక్క. నైట్రో లేని లేదా తక్కువ ఉన్న ఇంధనానికి ‘హాట్’ రకం ప్లగ్ వాడాలి.

ప్లగ్‌కి 1.2 నుంచి 1.5 వోల్టులు చాలు, కాని కరెంటు 2.5 నుంచి 3 ఆంపియర్ల దాకా లాగుతుంది. గోడగడియారానికి వేసే మామూలు సెల్ అంత ఇవ్వలేదు. కెపాసిటీ ఎక్కువున్న 1.2 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ రీచార్జి సెల్ ఒకటి, మందపాటి తీగ, మంచి క్లిప్ ఉండాలి. పాత ల్యాప్‌టాప్‌ల నుంచి తీసిన 3.7 వోల్టుల లిథియం సెల్ నేరుగా కలిపితే తీగ క్షణంలో తెగుతుంది.

ప్లగ్ ఊడదీసి బ్యాటరీకి కలిపి నీడలో చూడండి. చుట్టలన్నీ పండు నారింజ రంగులో వెలగాలి. మొదటి ఒకటి రెండు చుట్టలే వెలిగితే సెల్ బలహీనం లేదా ప్లగ్ ముసలిది. తీగ మీద బూడిదరంగు గరుకు చేరినా ప్లగ్ మార్చడమే మేలు. ప్లగ్ కింద రాగి వాషర్ తప్పనిసరి. దాని పక్కన ఒక చుక్క నూనె వేసి ప్రాప్ (ప్రొపెల్లర్) తిప్పితే బుడగలు రాకూడదు.

ప్రొపెల్లర్

0.8 సీసీకి 6×3. 2.5 సీసీకి 8×4, రన్నింగ్-ఇన్ (కొత్త ఇంజన్ భాగాలు సర్దుకునేలా మొదట్లో నడపడం) సమయంలో 7×4. 4 సీసీకి 9×4. 5.8 సీసీకి 10×5 లేదా 10×6. మొదటి అంకె అంగుళాల్లో వ్యాసం, రెండోది పిచ్, అంటే ఒక చుట్టుకి ముందుకి సాగే దూరం, అదీ అంగుళాల్లోనే.

కొత్త ప్రాప్ అంచులు కత్తిలా ఉంటాయి, సన్నని ఎమెరీ కాగితంతో మొద్దుబార్చండి. బ్యాలెన్స్ చూడండి: నడిమి చిల్లులో సరిపడే కడ్డీ దూర్చి రెండు షేవింగ్ బ్లేడుల అంచుల మీద ఆనిస్తే ఏ రెక్క బరువో తెలుస్తుంది. బరువున్న రెక్క వెనక ముఖాన్ని కొంచెం కొంచెంగా గీకండి. బ్యాలెన్స్ లేని ప్రాప్ వణుకు పుట్టిస్తుంది, వణుకుకి ట్యాంకులో ఇంధనం నురగ కడుతుంది, నురగలో గాలి ఉంటుంది కాబట్టి ఇంజన్ లీన్ అవుతుంది. అలా ప్రాప్‌లో ఉన్న లోపానికి నీడిల్ తిప్పుతూ కూర్చుంటారు.

నట్ పానాతో బిగించాలి, శ్రావణంతో కాదు. ఎదురుగా నిలబడి చూస్తే గడియారంలో ఒంటిగంట, ఏడు గంటల గీత మీద రెక్కలు ఉన్నప్పుడు కంప్రెషన్ చేతికి తగిలేలా బిగిస్తే, వేలితో కొట్టడానికి అనువుగా ఉంటుంది. చీలిక, పగులు కనిపించిన ప్రాప్‌ని అతికించి వాడకండి, విరిచి పారేయండి.

బిగింపు

ఇంజన్ కాళ్ళు కూర్చునే కమ్మీలకి మన దగ్గర టేకు బాగా సరిపోతుంది, 10×12 మిల్లీమీటర్ల కమ్మీ, రెక్క లోపలి దాకా పొడవు. మధ్యలో తేలికైన బాల్సా చెక్క ఉంచి రెండు పక్కలా 1.5 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ఎపాక్సీతో అతికించాలి. 3 మిల్లీమీటర్ల బోల్టులు, లాక్ నట్లు వాడాలి. కాళ్ళ కింద పలచని అల్యూమినియం పట్టీ పెడితే చెక్క నలగదు. బిగింపు సరిగ్గా ఉందో లేదో చూడటానికి బోల్టులు బిగించే ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ప్రాప్ తిప్పి చూడండి. బిగించాక బరువుగా తిరిగితే కమ్మీలు సమతలంగా లేవు, క్రాంక్‌కేస్ మెలిపడుతోంది.

ఇంజన్ ముక్కు వలయం బయటివైపుకి 1 లేదా 2 డిగ్రీలు తిరిగి ఉండాలి, తీగలు బిగువుగా ఉండటానికి అది సాయం. చెక్కకి ఇంధనం తగలకుండా ఎపాక్సీ గాని రెండు భాగాల పాలియురేథేన్ గాని పూయాలి. మామూలు లక్కపూత మిథనాల్‌కి కరిగిపోతుంది. నూనె పీల్చిన కమ్మీ మెత్తబడుతుంది, మళ్ళీ అదే వణుకు, అదే నురగ.

మొదటి స్టార్టు, రన్నింగ్-ఇన్

పాత ఇంజన్ బిగుసుకుపోయి ఉంటే బలవంతాన తిప్పకండి. ఎండిన ఆముదం లోపల బంకలా పట్టేసి ఉంటుంది. హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబరిచి, కొన్ని చుక్కల ఇంధనం వేసి, అరగంట ఆగి మెల్లగా కదపండి.

బరువైన బల్లకి స్టాండు బిగించి, ట్యాంకు మధ్యగీత స్ప్రేబార్ (నీడిల్ ఉండే, ఇంధనం చిమ్మే సన్న గొట్టం) ఎత్తులో ఉండేలా పెట్టండి. నీడిల్ పూర్తిగా మూసి, మూడు చుట్లు తెరవండి. వెంచురీ (ఇంజన్ గాలి పీల్చే గొట్టం) నోరు వేలితో మూసి ప్రాప్‌ని రెండు మూడుసార్లు తిప్పితే ఇంధనం గొట్టంలో ముందుకి వస్తుంది. గొట్టం నిండాక బ్యాటరీ లేకుండా ఇంకో రెండుసార్లు తిప్పండి. ఇక ఎగ్జాస్ట్‌లో రెండు చుక్కలు వేసి, ప్రాప్‌ని గట్టిగా పట్టుకుని కంప్రెషన్ దాకా మెల్లగా తిప్పి చూడాలి. నీళ్ళ మీద నొక్కినట్టు గట్టిగా ఆగిపోతే సిలిండర్లో ఇంధనం ఎక్కువైంది. అలాంటప్పుడు బలంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ప్లగ్ ఊడదీసి, ఇంజన్ తలకిందులు చేసి ఇంధనం ఒంపేయాలి. అది లేదని తేలాకే బ్యాటరీ కలపండి. కలిపాక ప్రాప్‌ని కంప్రెషన్ మీదకి తెస్తే చేతికి చిన్న తన్ను తగులుతుంది. ఆ తన్ను ఉంటే ప్లగ్ పనిచేస్తోంది, ఇంధనం చేరింది. ఇక సైకిల్ ట్యూబు చుట్టిన కర్రతో చురుగ్గా కొట్టండి. కాక్స్ ఇంజన్లకి స్ప్రింగ్ స్టార్టర్ ఉంటుంది, అవి ఒక్కోసారి వెనక్కి తిరుగుతాయి కాబట్టి గాలి ఎటు తోస్తోందో చూసుకోండి. తిరిగే ప్రాప్‌కి ఎదురుగా గాని, పక్కన దాని గీతలో గాని ఎవరూ నిలబడకూడదు. నీడిల్ వెనక నుంచే తిప్పాలి.

రన్నింగ్-ఇన్ పద్ధతి పిస్టన్ రకాన్ని బట్టి ఉంటుంది, ఇక్కడే కొత్త ఇంజన్లు ఎక్కువగా పాడవుతాయి. పోత ఇనుప పిస్టన్, స్టీల్ స్లీవ్ (పిస్టన్ కదిలే గొట్టం) ఉన్నదైతే నీడిల్ బాగా తెరిచి, పొగ, నూనె ధారగా వచ్చే ఫోర్‌స్ట్రోక్ చప్పుడులో (ఒక చుట్టు విడిచి ఒక చుట్టు పేలుతూ) రెండేసి నిమిషాలు నడిపి, ప్రతిసారీ చేతికి చల్లగా తగిలే దాకా ఆపండి. మొత్తం అరగంట నుంచి ముప్పావుగంట నడిచాక నీడిల్‌ని కొద్దిసేపు మూసి చూడండి. వేగం నిలబడితే పని పూర్తయినట్టు, కుంగితే ఇంకా నడపాలి.

అల్యూమినియం పిస్టన్, క్రోమ్ పూసిన ఇత్తడి స్లీవ్ ఉన్న రకం వేరు. దాని స్లీవ్ పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. చల్లగా ఉన్నప్పుడు పైకొసన పిస్టన్ కీచుమని పట్టుకుంటుంది. వేడెక్కితేనే స్లీవ్ సాగి సరైన సందు వస్తుంది. దీన్ని చల్లగా, బాగా రిచ్‌గా (ఇంధనం ఎక్కువగా) గంటలకొద్దీ నడిపితే ఆ బిగువంతా అరిగి కంప్రెషన్ పోతుంది. తిప్పే ముందు తల వెచ్చబరచండి, 7×4 ప్రాప్‌తో అందుకోగానే తడి టూస్ట్రోక్‌కి (ప్రతి చుట్టుకీ పేలుతూ ఇంకా కాస్త రిచ్‌గా ఉండే చోటికి) తీసుకురండి, ఒక నిమిషం నడిపి పూర్తిగా చల్లారనివ్వండి. ఇలా ఎనిమిది పది సార్లు. మిగతాది కాస్త రిచ్‌గా ఎగరేస్తూ పూర్తి చేయవచ్చు.

ట్యాంకు: అసలు పని ఇక్కడే

పైనుంచి చూస్తున్నట్టు వలయాన్ని ఊహించుకోండి. విమానం అపసవ్యంగా తిరుగుతుంది, ఎడమ రెక్క పైలట్ వైపు, కుడి రెక్క బయటికి. గాలిలో ఇంధనం ట్యాంకు కుడి గోడకి, వేగం అందుకునేటప్పుడు వెనక్కి చేరుతుంది. కాబట్టి ఇంధనం తోడే గొట్టం కొస బయటివైపు వెనక మూలలో ఉండాలి. కొస గోడకి ఆనకూడదు, 1.5 మిల్లీమీటర్ల సందు చాలు. బయటి గోడ మొనదేలిన వెడ్జ్ ట్యాంకులో చివరి చుక్క దాకా ఆ మూలకే వస్తుంది.

ట్యాంకులోని ఇంధన మట్టం స్ప్రేబార్‌కి ఒక సెంటీమీటరు బయటికి ఉంటే, గాలిలో ఇంజన్ దాన్ని రెండున్నర సెంటీమీటర్ల లోతు నుంచి తోడుకోవాల్సిన పరిస్థితి వస్తుంది. నేల మీద సరిపోయిన నీడిల్ గాలిలో లీన్ అవడానికి ఇదే కారణం. ప్రొఫైల్ ఫ్యూజ్‌లాజ్‌కి (చదునైన పలక లాంటి విమాన దేహానికి) సిలిండర్ బయటివైపుకి పెట్టి ఇంజన్ బిగిస్తాం, ట్యాంకు కూడా ఆ పక్కనే వస్తుంది. ఎంత పలచని ట్యాంకు, ఎంత ఫ్యూజ్‌లాజ్‌కి దగ్గరగా పెడితే అంత మంచిది. కింద 3 మిల్లీమీటర్ల స్పాంజి పెట్టి రబ్బరు బ్యాండ్లతో కట్టండి.

మామూలు వెంట్ (గాలి లోపలికి వచ్చే గొట్టం) ఉన్న ట్యాంకులో ఇంధనం తగ్గేకొద్దీ మట్టం బయటికి జరుగుతుంది, ఇంజన్ క్రమంగా లీన్ అవుతూ పోతుంది. దీనికి విరుగుడు యూనిఫ్లో. మూడు గొట్టాలు ఉంటాయి: ఒకటి తోడుకునేది, రెండోది యూనిఫ్లో వెంట్, మూడోది నింపేటప్పుడు పొంగు బయటికి పోయేది. యూనిఫ్లో వెంట్ లోపలి కొస కూడా బయటి గోడ దగ్గరే, తోడే కొసకి 6 మిల్లీమీటర్లు ముందు ఉంటుంది. దాని బయటి కొస ఎదురు గాలికి ముఖం పెట్టి ఉండాలి. నింపాక పొంగు గొట్టానికి టోపీ పెట్టి మూసేయాలి. అప్పుడు గాలి యూనిఫ్లో కొస దగ్గరే లోపలికి వస్తుంది, ఇంధనం ఎంత తగ్గినా ఇంజన్‌కి తెలిసే ఒత్తిడి ఒకేలా ఉంటుంది. టోపీ మరిచిపోతే అది మళ్ళీ మామూలు ట్యాంకే.

తగరపు రేకుతో సొంతంగా చేసుకునేవారు 3 మిల్లీమీటర్ల ఇత్తడి గొట్టాలు వాడి అతుకులకి సోల్డర్ పట్టించాలి. మాటు వేసిన తర్వాత ఫ్లక్స్‌ని వేణ్ణీళ్ళతో బాగా కడగాలి, లేకపోతే మన తేమకి నెలలోనే తుప్పు. రెండు గొట్టాలు మూసి, మూడోదాంట్లోంచి సిరంజితో గాలి తోస్తూ నీళ్ళ టబ్బులో ముంచి బుడగలు చూడండి. 2.5 సీసీ ఇంజన్‌కి 45 నుంచి 60 మిల్లీలీటర్లు చాలు, సుమారు ఐదు నిమిషాల ఎగురుడు. మొదటిసారి 20 మిల్లీలీటర్లే పోసి ఎన్ని చుట్లు వచ్చాయో లెక్కపెట్టుకోండి. ట్యాంకుకీ నీడిల్‌కీ మధ్య సిలికాన్ గొట్టమే వాడాలి. మోపెడ్ పెట్రోలు గొట్టం బిరుసెక్కి అతుకు దగ్గర గాలి పీలుస్తుంది. ఒక ఫిల్టర్ తప్పక పెట్టండి, దాళ్వా కోతలయ్యాక చేలల్లో ఎగిరే నూక, ఊక, దుమ్ము నీడిల్ సందులోకి వెళ్తే ఆ రోజుకి పని ఆగినట్టే.

ఎత్తు సంగతి కూడా ఉంది. మొదట ట్యాంకు మధ్యగీతని స్ప్రేబార్‌కి సమంగా పెట్టండి. విమానం తలకిందులుగా ఎగరడం వచ్చాక, మామూలుగా కంటే తలకిందులుగా ఉన్నప్పుడు ఇంజన్ వేగం పెరిగితే ట్యాంకు ఎత్తుగా ఉంది, చక్రాల వైపుకి 1.5 మిల్లీమీటర్లు దించండి. తలకిందులుగా ఉన్నప్పుడు రిచ్ అయితే పైకి జరపండి. చుట్టు కాలం రెండు వైపులా ఒకటయ్యే దాకా అలా సవరించాలి.

నీడిల్, ఎగరేసే రోజు

ప్రదేశం ఎంచుకోవడం మొదటి పని. ఇనుప తీగల చివర విమానం ఉన్న మనిషికి కరెంటు తీగ మృత్యువే. డెల్టాలో చేల మీదుగా 11 కేవీ లైన్లు, చేపల చెరువుల ఏరేటర్లకి వేసిన లైన్లు ప్రతిచోటా ఉంటాయి. భీమవరం చుట్టుపక్కల ఇంకా ఎక్కువ. విమానం తీగల నుంచి తెగి వెళ్ళినా లైనుకి అందకుండా కనీసం వంద మీటర్ల దూరం చూసుకోండి. ఉరుములు వినిపిస్తే వెంటనే దించేయండి. దాళ్వా కోతలయ్యాక ఏప్రిల్, మే నెలల్లో గట్టిపడిన చేను, లేదా బడి మైదానం బాగుంటుంది. పొద్దున్నే ఎగరేయడం మేలు, మధ్యాహ్నం కోనసీమలో సముద్రపు గాలి బలపడుతుంది.

2.5 సీసీకి 0.3 నుంచి 0.38 మిల్లీమీటర్ల పురిపెట్టిన స్టీలు తీగలు, 15 నుంచి 16 మీటర్లు. 0.8 సీసీకి 0.2 మిల్లీమీటర్లు, 9 నుంచి 12 మీటర్లు. హ్యాండిల్ దగ్గర స్ప్రింగ్ కాటా తగిలించి, విమానాన్ని ఒకరు పట్టుకోగా, దాని బరువుకి పది రెట్లు లాగి చూడండి. అర కిలో విమానానికి 5 కిలోలు. ఇది ప్రతి రోజూ మొదటి ఎగురుడుకి ముందు చేయాల్సిందే.

ఇంజన్ స్టార్టు చేసి పది సెకన్లు వేడెక్కనిచ్చి బ్యాటరీ తీయండి. నీడిల్‌ని మెల్లగా మూస్తూ పోతే బరువైన ఫోర్‌స్ట్రోక్ చప్పుడు, తర్వాత మధ్యమధ్య తడబాటు, తర్వాత శుభ్రమైన టూస్ట్రోక్ కూత వినిపిస్తాయి. ఇంకా మూస్తే వేగం శిఖరానికి చేరి కుంగుతుంది. శిఖరం దగ్గర ఆపకండి. అక్కడి నుంచి వెనక్కి తెరుస్తూ, టూస్ట్రోక్ కూతలో అప్పుడప్పుడు ఫోర్‌స్ట్రోక్ తడబాటు వినిపించే చోట ఆపండి. మామూలుగా పావు నుంచి అర చుట్టు. గాలిలో లీన్ అయి అది శుభ్రమైన టూస్ట్రోక్‌గా మారుతుంది.

చెవికి అలవాటు లేనివాళ్ళు ఫోన్‌లో శ్రుతి చూసే యాప్ వాడవచ్చు. నిమిషానికి 12,000 చుట్లంటే సెకనుకి 200 పేలుళ్ళు, యాప్ 200 హెర్ట్జ్ చూపాలి. ఫోర్‌స్ట్రోక్‌లో ఒక చుట్టు విడిచి ఒక చుట్టు పేలుతుంది కాబట్టి అందులో సగం. రెండు రెక్కల ప్రాప్ శబ్దం వల్ల ఒక్కోసారి రెట్టింపు చూపిస్తుంది, గమనించుకోండి.

ఆ తర్వాత గొట్టం నొక్కే పరీక్ష: సిలికాన్ గొట్టాన్ని ఒక్క క్షణం నొక్కి వదలండి. వేగం పెరిగి మళ్ళీ సర్దుకుంటే తగినంత రిచ్‌గా ఉంది. నొక్కగానే కుంగితే లీన్, ఎగరేయవద్దు. సహాయకుడు విమానం ముక్కు పైకెత్తి పట్టుకుని ఐదు సెకన్లు వినాలి. ముక్కు పైకి ఉన్నప్పుడు కూడా కుంగకూడదు. గాలి మీ వెనక నుంచి వీస్తూ విమానాన్ని బయటికి తోసే దిక్కున ఉంచి వదలాలి.

జనవరి పొద్దున్న సరిపోయిన నీడిల్ మే మధ్యాహ్నం రిచ్ అవుతుంది. వేడిగాలి పలచన, పైగా అందులో నీటి ఆవిరి ఆక్సిజన్ చోటు ఆక్రమిస్తుంది. అందుకని ఎండాకాలం కొంచెం మూయాలి. సీజన్ మారగానే పాత నీడిల్ గుర్తుని నమ్మకండి.

గాలిలో వినిపించేదాన్ని బట్టి

మొత్తం ఫోర్‌స్ట్రోక్‌లోనే తిరిగి తీగలు వదులుగా ఉంటే, తర్వాతి సారికి నీడిల్ ఎనిమిదో వంతు చుట్టు మూయండి. కూత సన్నబడి, పెరిగి, తర్వాత నీరసిస్తే లీన్. పావు చుట్టు తెరవండి. చివరి రెండు చుట్లలో మాత్రమే వేగం పెరగడం మామూలే, అది ట్యాంకు ఖాళీ అవుతోందన్న సూచన.

ట్యాంకు సగమయ్యాక తడబడటం మొదలైతే తోడే గొట్టానికి ఆ మట్టంలో సూదిబెజ్జం ఉండొచ్చు, లేదా నురగ. ప్రతి ఎగురుడుకీ నీడిల్ వేరే చోట నిలబడితే గాలి ఎక్కడో చొరబడుతోంది: నీడిల్ మరల మీద చిన్న సిలికాన్ గొట్టం ముక్క తొడగండి, బ్యాక్‌ప్లేట్ స్క్రూలు, స్ప్రేబార్ నట్టు బిగించండి. బ్యాటరీ తీయగానే ఆగిపోతే ముందు ప్లగ్, తర్వాత తాజా ఇంధనం చూడండి. నూనె వేపుతున్నట్టు చిటపటమనే శబ్దం వస్తే మంట ముందే అంటుకుంటోంది: చిన్న ప్రాప్, తక్కువ నైట్రో, లేదా హెడ్ కింద ఇంకో రాగి షిమ్ (పలచని వాషర్). నైట్రో లేని ఇంధనంతో మరీ నీరసంగా ఉంటే దీనికి వ్యతిరేకం, రెండు షిమ్‌లున్న ఇంజన్‌లో ఒకటి తీసి, పిస్టన్ తగలడం లేదని చేత్తో తిప్పి చూసి నడపవచ్చు. ఎగ్జాస్ట్ నూనె నల్లగా వస్తే లోపల లోహం అరుగుతోంది, వెంటనే ఆపాలి. లేత గోధుమ రంగైతే ఫరవాలేదు.

పని అయ్యాక

చివరి ఎగురుడులో ఇంధనం పూర్తిగా కాలనివ్వండి. ట్యాంకులో మిగిలితే సిరంజితో తోడేయండి. ఇంజన్ లోపల మిగిలిన మిథనాల్ రాత్రికి రాత్రే తేమ లాగి, బాల్ బేరింగులున్న ఇంజన్లలో వాటికి తుప్పు పట్టిస్తుంది. బ్యాటరీ కలిపి రెండు మూడుసార్లు కొట్టి మిగిలిందంతా కాల్చి, ప్లగ్ తీసి, కుట్టుమిషన్ నూనె వంటి పలచని నూనె నాలుగైదు చుక్కలు ప్లగ్ రంధ్రంలో, నాలుగైదు వెంచురీలో వేసి ప్రాప్ తిప్పండి. తీగల్ని నూనె గుడ్డతో తుడిచి రీలుకి చుట్టండి. దుమ్ము చొరకుండా ఎగ్జాస్ట్‌కి, వెంచురీకి గుడ్డ అడ్డుపెట్టి, వానాకాలమంతా గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి దాచండి. నెలకోసారి తీసి రెండు చుక్కల నూనె వేసి తిప్పుతూ ఉంటే సార్వా కోతల తర్వాత చేలు ఖాళీ అయ్యేసరికి ఇంజన్ బిగుసుకోకుండా ఉంటుంది.